గిన్నె పట్టిన చెయ్యి

జూన్ 8, సోమవారం

దేవునికి స్తోత్రం! దేవునికి స్తోత్రం! రెండుసార్లు రాశాను, అయినా తనివి తీరలేదు.

నా కొడుకు భాస్కర్ ప్లాన్ మున్సిపల్ కౌన్సిల్ ముందుకు పోతోంది. టౌన్ ప్లానింగ్ వాళ్ళు ఈ రోజు కాగితాలన్నీ తీసుకుని ముద్ర వేశారట. సూర్యాపేట నడిబొడ్డున మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్! కింద దుకాణాలకు మడిగెలు, పైన ఆఫీసులు, ఆ పైన పెద్ద హాలు, ముందంతా అద్దాలే. జాగా మున్సిపాలిటీది, కట్టేది నా కొడుకు. ఇన్నాళ్ళూ వాడు ఇంకొకరి కింద పనులు చేశాడు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు గోదాము, కోదాడలో ఫంక్షన్ హాలు వాడి చేతి మీదే లేచాయి, బోర్డు మీద మాత్రం వేరేవాళ్ళ పేర్లు. ఈసారి వాడి పేరే ఉంటుంది. కౌన్సిల్ ఒప్పుకుంటే చాలు. ఒప్పుకుంటుంది. ఎందుకు ఒప్పుకోదు?

జాగా ఏదో కూడా రాయాలి. పాత కాంటా జాగా! ఒకప్పుడు అక్కడ బండ్లను తూచే కాంటా ఉండేది. కాంటా పోయింది, పేరు మిగిలింది. తాపీ, గుండు సంచిలో వేసుకుని నలభై ఏళ్ళు నేను పొద్దున్నే పని కోసం నిలబడ్డ అడ్డా అది. ఇప్పటికీ పొద్దున్నే అక్కడ వంద మంది కూలోళ్ళు నిలబడతారు. నేను నిలబడ్డ చోట నా కొడుకు బిల్డింగు నిలబడబోతోంది. ఏడో తరగతితో ఆపినవాణ్ణి, ఇంతకన్నా బాగా రాయడం నాకు చేతకాదు.

సువార్తమ్మ అంటుంది కదా, "కౌన్సిల్ల ఇంకా ఒప్పుకోనే లేదు, గప్పుడే గంతులేస్తున్నవేందయ్యా? మోకాళ్ళు పైలం." నా భార్య సంతోషాన్ని కూడా కూరలో ఉప్పు చూసినట్టు చూస్తే కానీ నోట్లో పెట్టుకోదు.

ఈ డైరీ కొత్త సంవత్సరానికి చర్చిలో ఇచ్చారు. ఐదు నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఈ రోజు కోసమే ఎదురుచూసింది కాబోలు.

జూన్ 9, మంగళవారం

మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని అడ్డాకు వెళ్ళాను. పని మానేసి ఆరేళ్ళయినా అక్కడికి పోతే కాళ్ళు వాటంతటవే నా పాత చోట ఆగుతాయి, సైదులు టీ హోటల్ పక్కన, కరెంటు స్తంభం దగ్గర.

సైదులు టీ గిన్నె మీద నుంచి తల ఎత్తి, "ఏం మేస్త్రీ, మొత్తానికి మమ్ములందర్ని లేపి మేడ గడుతున్నవన్నట్టు!" అన్నాడు. వాడి నోరే అంత. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గౌరీబాయి కూడా ఉంది. చివ్వెంల అవతలి తండా నుంచి మొదటి బస్సుకు వస్తుంది. నా చేతి కింద చాలా ఏళ్ళు మాలు కలిపింది. ఆమె కలిపిన సిమెంటు మాలు గోడకు వేస్తే జారదు, పగలదు. మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుని, "మంచిగున్నది మేస్త్రీ. మరి మీ కొడుకు బిల్డింగుల మాకు పనుంటదా?" అంది.

"ఉండక? నా కొడుకు బిల్డింగు గడితే నువ్వు గాకుంట మాలు ఎవలు కలుపుతరు?"

"నోటితోని అందరంటరు," అని నవ్వుతూ మధ్యాహ్నం తిండి తెచ్చుకున్న సద్దిగిన్నె ముందుకు చాపింది.

నేను అందుకున్నాను.

అడ్డాలో కాగితాలు, సంతకాలు ఉండవు. మేస్త్రి ఎవరి సద్దిగిన్నె చేత్తో పడితే వాళ్ళు ఆ మేస్త్రి మనుషులు. ఆ తర్వాత బేరం లేదు, ఇంకొకరు పిలవకూడదు, వీళ్ళు పోకూడదు. వానొచ్చి పని ఆగినా ఆ పొద్దు వాళ్ళ కూలి భారం అతనిదే. నా గిన్నె మొదటిసారి పట్టింది సోమన్న మేస్త్రి. ఆయన పోయి ఎన్నేళ్ళయిందో, నా గిన్నె పిడి మీద ఆయన వేళ్ళు మాత్రం ఇప్పటికీ కళ్ళకు కడతాయి.

గౌరీబాయిది పట్టగానే ఆమె మొగుడు ఫూల్‌సింగ్ తనది చాపాడు. తర్వాత ఇంకొకరు. ఇంకొకరు. చేతులు నిండిపోతే సైదులు బెంచీ మీద పేర్చాను. సంతోషంలో ఉన్న మనిషి ఎదురుగా గిన్నె పెడితే చేతులు కట్టుకుని ఉంటాడా? అందరూ చప్పట్లు కొట్టారు. పని మొదలైన రోజు పిలుస్తానని ఎవరి గిన్నె వాళ్ళకిచ్చి ఇంటికొచ్చాను.

ఎంత మంచి రోజు! రాత్రికి భాస్కర్‌కు చెప్పాలి.

జూన్ 10

భాస్కర్‌కు చెప్పలేదు. ఫోన్లో ఉన్నాడు.

జూన్ 12

చెప్పలేదు. అలిసిపోయి వచ్చాడు. అన్నం తినేవాడి దగ్గర పని మాటలెందుకు?

జూన్ 14, ఆదివారం

చర్చిలో సాక్ష్యం చెప్పాను. నా కొడుక్కు దేవుడు చేసిన మేలు మొదటి నుంచి చెబుతూ ఎంతకీ ఆపలేదు. పాస్టరు గారు రెండుసార్లు గడియారం చూశారు. సువార్తమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి గట్టిగా దగ్గింది. చివరికి అందరూ ఆమేన్ అన్నారు, అందులో కొందరు ముగిసిందన్న సంతోషంతో అన్నా నాకు అభ్యంతరం లేదు.

సాయంత్రం వాకిట్లో భాస్కర్ ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు. "మిర్యాలగూడ బ్యాచ్‌నే దింపుత. ఒడిశా పిల్లగాండ్లు, సైట్లనే ఉంటరు, సైట్లనే వండుకుంటరు. లోకల్ లేబర్‌తోని పరేషాన్, పండుగొస్తె రారు, పెండ్లైతె రారు."

మూడంతస్తుల బిల్డింగు. మిర్యాలగూడ బ్యాచ్ ఒక్కటే సరిపోదు. గౌరీబాయి వాళ్ళకు కూడా పని ఉంటుంది. పెద్ద బిల్డింగు కదా.

జూన్ 18, గురువారం

ఈ రోజు కోదాడ ప్రయాణం! ప్లాన్ ఒప్పుకునే ముందు భాస్కర్ కట్టిన పని కళ్ళతో చూస్తామని కౌన్సిలర్లు అడిగారట. ముగ్గురు వచ్చారు, అందులో మా వార్డు కౌన్సిలర్ అఖిలమ్మ ఒకతె. చిన్న వయసు, మొదటిసారి గెలిచింది, మాట తక్కువ, చూపు ఎక్కువ. నన్ను కారులో ముందు సీట్లో కూర్చోబెట్టాడు నా కొడుకు. కౌన్సిలర్లు వెనక, నేను ముందు! మునగాల దాటేదాకా నేనే మాట్లాడాను.

హాలు ఏం హాలు! గోడ మీద అరచెయ్యి పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. ఒక్క చోట కూడా చెయ్యి తట్టుకోలేదు. ప్లాస్టరింగ్ అంటే అదీ. వాళ్ళు లోపల లెక్కలు, పైపులు చూస్తుంటే నాకు మోకాలు లాగింది, ముందు మెట్ల మీద కూర్చున్నాను. నల్ల గ్రానైట్ మెట్లు, చల్లగా ఉన్నాయి.

వాచ్‌మన్ వచ్చాడు. "పెద్దాయనా, ఇక్కడ కూర్చోకూడదండి. మా ఓనరు గారు చూస్తే నన్నంటారు. కాస్త గేటు బయటికెళ్ళి కూర్చోండి." కోదాడ వాళ్ళ మాటలో అండీలు ఎక్కువ. లేపడం కూడా మర్యాదగానే లేపాడు.

లేచాను. ఈ హాలు కట్టింది నా కొడుకేనని చెప్పవచ్చు. చెప్పలేదు. అతని పని అతను చేశాడు. అంత ఖర్చు పెట్టి కట్టినప్పుడు మెట్లు శుభ్రంగా ఉండొద్దా?

కారు దగ్గరికి వస్తూ అఖిలమ్మ అడిగింది, "ఏంది తాతా, ఎండల నిలబడ్డవ్?"

"గాలికమ్మా," అన్నాను.

వచ్చేటప్పుడు భాస్కర్ పునుగులు ఇప్పించాడు. మంచి ప్రయాణం.

జూన్ 19

గ్రానైట్ చాలా నునుపు. అతని పని అతను చేశాడు.

జూన్ 30, మంగళవారం

కౌన్సిల్ మీటింగ్. వివరాలు చెప్పమని భాస్కర్‌ను లోపలికి పిలిచారు. నేను వరండాలో తలుపు పక్కన నిలబడ్డాను. ఇస్త్రీ చొక్కాలో నా కొడుకు నిలబడి ప్లాన్ చూపిస్తుంటే, ఇంత పెద్దమనుషుల మధ్య వాడి గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు, దేవా నీకు వందనాలు!

అందరూ తల ఊపుతున్నప్పుడు అఖిలమ్మ లేచింది. "బిల్డింగు మంచిగనే ఉన్నది. పొద్దున ఆ జాగాల నిలవడే కూలోళ్ళు ఎటు పోవాలె?"

భాస్కర్ అన్నాడు, "ఎక్కడన్న నిలబడతరు మేడం. రోడ్డున్నది గదా."

వెనక నుంచి ఒక కౌన్సిలర్, "అద్దాల ముందట తట్టలు, పారలు పెట్టుకొని వంద మంది కూసుంటె మడిగెలు కిరాయికి ఎవలు తీసుకుంటరమ్మా?" అన్నాడు. కొంతమంది నవ్వారు.

అఖిలమ్మ నవ్వలేదు. అభ్యంతరాలు ఉన్నవాళ్ళు చెప్పుకోవడానికి నెల రోజులు గడువు ఇవ్వాలంది. చైర్‌పర్సన్ సరేనని వాయిదా వేశారు.

భాస్కర్ కారు వేగంగా నడిపాడు. "వాయిదా అంటె కాదన్నట్టు గాదు బిడ్డా," అని నేనే ఇల్లు చేరేదాకా చెప్పాను.

రోడ్డుంది, నిజమే. రోడ్డు ఎప్పుడూ ఉంటుంది.

జూలై 6, సోమవారం

భాస్కర్ చెప్పులు విప్పకుండానే ఇంట్లోకి వచ్చాడు.

"నాయినా, అడ్డా మీద గిన్నెలు పట్టినవా?"

నేను కాఫీ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టాను.

"గౌరీబాయి, ఇంకో పది మంది పొయ్యి అఖిల మేడంను కలిసిండ్రట. ఆమె వాళ్ళను కమిషనర్ సారు ముందట నిలవెట్టింది. కంట్రాక్టర్ తండ్రి మా గిన్నెలు పట్టిండు, మేము ఈ బిల్డింగు మనుషులం, మమ్ముల్ని కాంటా జాగాలకెళ్ళి ఎట్ల పొమ్మంటరు అని అడిగిండ్రట. కమిషనర్ సారు నన్ను పిలిచి, గిన్నెలు పట్టుడేందయ్యా అని అడుగుతుండు! ఏం చెప్పాలె నేను? ఎవర్నడిగి మాటిచ్చినవ్ నువ్వు?"

"మాటియ్యలే బిడ్డా. గిన్నె పట్టిన, అంతే."

సువార్తమ్మ వంటింట్లో నుంచి, "అంతేనా? నన్ను చేసుకున్ననాడు గూడ చెయ్యే పట్టినవు, అంతే," అంది.

భాస్కర్ నవ్వలేదు. "నేను బ్యాంకుకు జవాబు చెప్పాలె, కౌన్సిల్‌కు జవాబు చెప్పాలె. గిన్నెలకు గాదు. ఈ పని పోతే మళ్ళ ఎవరి కిందనో చేసుకుంట బతకాలె, నీకు సమజైతుందా? రేపటికెళ్ళి అడ్డాకు పోకు." అన్నం తినకుండా పడుకున్నాడు.

నేనూ సగమే తిన్నాను. వాడి కోపంలో తప్పేముంది? వాడి పేరు బోర్డు మీద చూడాలని వాడికన్నా నాకే ఎక్కువ ఆశ. ఆశ నాకే ఎక్కువ కాబట్టే గిన్నెలు పట్టాను. నా ఒక్క చెయ్యి వల్ల పని పోతే?

పోదు. దేవుడున్నాడు.

జూలై 7

అడ్డాకు పోయాను. గిన్నె పట్టిన మేస్త్రి ఇంట్లో దాక్కోకూడదు. పని ఉన్నా లేకున్నా పొద్దున్నే వచ్చి మొహం చూపించి, ఉందనో లేదనో చెప్పాలి. సోమన్న మేస్త్రి జ్వరంతో కూడా వచ్చేవాడు.

గౌరీబాయి నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. "మేస్త్రీ, నీ మీద మాకు కోపం లేదు. గిన్నె పట్టిండని చెప్పినం. అబద్ధమా?"

"కాదు."

"మరి?"

పని ఇంకా లేదని చెప్పాను. అంతలో వాన. అందరం సైదులు హోటల్ పరదా కిందికి ఉరికాం. "టీ తాగేటోళ్ళే లోపటికి! ఉత్తగ నిలవడితే బెంచీలు అరుగుతయి!" అని సైదులు అరిచాడు కానీ ఎవరినీ బయటికి తోయలేదు. ఎప్పుడూ తోయడు.

జూలై 8

పోయాను. వాన.

జూలై 9

పోయాను. మోకాలికి జండూబామ్.

జూలై 11

పోయాను. ఇంట్లో భాస్కర్, నేను వాన గురించి మాత్రమే మాట్లాడుకుంటున్నాం.

జూలై 13, సోమవారం

పొద్దున పరదా కింద నిలబడి ఉన్నాను, జోరు వాన. భాస్కర్ కారు వచ్చి ఆగింది. అద్దం దించి, "నాయినా, ఎక్కు," అన్నాడు.

నేను కదల్లేదు.

"ఎక్కు నాయినా. అందరు సూస్తుండ్రు. కంట్రాక్టర్ తండ్రి అడ్డా మీద నిలవడ్డడంటె నా ఇజ్జత్ ఏంగావాలె?" అంటూ కారు దిగాడు. తెల్ల చొక్కా క్షణంలో తడిసి ఒంటికి అంటుకుపోయింది.

నేను ఇంకేదో చెప్పాలనుకున్నాను. కౌన్సిల్ తప్పకుండా ఒప్పుకుంటుందని, దిగులుపడవద్దని. నోట్లో నుంచి మాత్రం ఇది వచ్చింది. "కొడుకా, మెట్లు గట్టేటప్పుడు మనిషి కూసునేటంత జాగ ఇడిచిపెట్టు. కోదాడల నన్ను లేపిండు."

"ఎవలు?"

"మొన్న హాలు కాడ. వాచ్‌మన్. మంచోడే పాపం, అండీ అనుకుంటనే లేపిండు."

భాస్కర్ ముఖం మారిపోయింది. "నా పేరు చెప్పకపోయినవా?"

"చెప్తె నన్ను కూసోనిస్తుండె. నా తర్వాత వచ్చి కూసున్నోణ్ణి లేపుతుండె."

ఇన్ని రోజులు అతని పని అతను చేశాడని నాకు నేనే చెప్పుకున్నాను. నా కొడుకు కట్టిన మెట్ల మీద నుంచి నన్ను లేపారు. రాసేశాను. ఇక ఈ మాట మళ్ళీ రాయను.

వాడు వానలోనే నిలబడిపోయాడు. అప్పుడు సైదులు, "కంట్రాక్టరు సారూ! టీ తాగేటోళ్ళకే లోపట జాగ, నీకు గూడ గదే రూలు!" అని కేకేశాడు. జనం ఘొల్లున నవ్వారు. గౌరీబాయి జరిగింది, ఫూల్‌సింగ్ జరిగాడు, బెంచీ మీద ఒక మనిషికి చోటు వచ్చింది.

నా కొడుకు వచ్చి ఆ చోట కూర్చున్నాడు. టీ తాగాడు. ఎదురుగా పాత కాంటా జాగా వానకు చెరువైపోయింది. దాన్నే చూస్తూ కూర్చున్నాడు, వాన తగ్గేదాకా. ఎవరూ వాణ్ణి ఏమీ అడగలేదు.

దేవుని ఎదుట చెబుతున్నాను, వాడు పుట్టిన రోజున కూడా నాకు ఇంత సంతోషం కలగలేదు.

జూలై 17, శుక్రవారం

ప్లాన్ కాగితాలు ఇంట్లో నేల మీద పరిచి ఉన్నాయి. భాస్కర్ బోర్లా పడుకుని పెన్సిల్‌తో గీస్తున్నాడు. నన్ను పిలిచాడు.

"నాయినా, ముందటి మూల మీది రెండు మడిగెలు తీసేసి ఆడ ఉత్త కప్పు మాత్రమే ఏద్దామనుకుంటున్న. గోడల్లేకుంట. చుట్టు అరుగు. నడుమ నల్లా. సరిపోతదా?"

సరిపోతదా! నేను వాడి నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాను. పెన్సిల్ గీత వంకర పోయింది.

సువార్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం మీదికి వంగింది. ఆమె కూడా పెళ్ళయిన కొత్తలో నాతో పాటు అడ్డాలో నిలబడింది. "ఆడోళ్ళకు బాత్రూం ఏది?"

భాస్కర్ నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను.

"మీ నాయిన నలభై ఏండ్లు నిలవడ్డడు, గీ ముచ్చట ఆయనకు ఎరుకే లేదు. పొద్దుగాల నీళ్ళు తాగకుంట పోతుంటిమి మేము. రాయి. ముందు గది రాయి."

రాశాడు. "రెండు ముందటి మడిగెలమ్మా. కిరాయిలన్నిట్ల ఎక్కువ వాటికే వస్తది. కౌన్సిల్ల దీనికే కొట్లాట అయితది," అన్నాడు. అయినా రబ్బరు తీసుకుని వాటిని తుడిచాడు. మిర్యాలగూడ బ్యాచ్ సంగతి నేను అడగలేదు. వాడే అన్నాడు. "స్లాబు పని వాళ్ళు చేస్తరు, వాళ్ళకు నేను మాటిచ్చిన. గోడలు, ప్లాస్టరింగు, మాలు పని అడ్డా వాళ్ళకిస్త."

నేను గిన్నె పడితే వాడు మాటిచ్చాడు. ఇద్దరి చేతులూ ఖాళీగా లేవు.

జూలై 30, గురువారం

రాయడానికి ఓపిక లేదు, రాయకుండా నిద్ర పట్టదు.

కౌన్సిల్ హాలు వరండాలో నేను, సువార్తమ్మ, గౌరీబాయి, ఫూల్‌సింగ్, ఇంకా చాలామంది అడ్డా వాళ్ళు. ఈ రోజు పని పోగొట్టుకుని వచ్చారు. సైదులు హోటల్ మూసి వచ్చాడు. వాడు హోటల్ మూయడం వాడి పెళ్ళి తర్వాత ఇదే మొదటిసారట.

లోపల ఫ్యాన్ల చప్పుడులో సగమే వినిపించింది. భాస్కర్ మార్చిన ప్లాన్ చూపించాడు. మొన్న అద్దాల మాట అన్న కౌన్సిలరే లేచాడు. "రెండు ముందటి మడిగెలు పోతే మున్సిపాలిటీకి నష్టం. కూలోళ్ళ కోసం బిల్డింగు మూతి ఇరగ్గొట్టుకుంటమా?" కొందరు నిజమే అన్నారు. ఇంకొకాయన పాత ప్లానే పెట్టమన్నాడు, లేకపోతే వేరే కాంట్రాక్టర్‌ను పిలుద్దామన్నాడు. సువార్తమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

భాస్కర్ గొంతు వినిపించింది. "పాత ప్లాన్ అయితే నేను కట్టను సార్. వేరేటోళ్ళకిచ్చుకోండ్రి."

పోతే పోనీ అనుకున్నాను. బోర్డు పోతే పోనీ.

అప్పుడు అఖిలమ్మ లేచింది. "మొన్న మనం కోదాడ పోయినం గదా. ఈయన తండ్రి గేటు బయట ఎండల నిలబడ్డడు. మనం ముగ్గురం చూసినం. ఎందుకు నిలబడ్డవని అడిగితె గాలికి అన్నడు. ఆ రోజు ఆకు గూడ కదలలే. మెట్ల మీదికెళ్ళి లేపిండ్రని తర్వాత తెలిసింది. మన పైసలతోని, మన జాగాల, మన ఊరి పెద్దమనుషుల్ని లేపే మెట్లు మనకొద్దు. రెండు మడిగెల కిరాయి పోతే పోతది. వాన పడితె ఆ కప్పు కిందికి మనమే ఉరుకుతం."

ఎవరో నవ్వారు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. చైర్‌పర్సన్ చేతులెత్తమన్నారు. తలుపు సందులో నుంచి నాకు చేతులు మాత్రమే కనిపించాయి. ఒకటి, రెండు, తర్వాత కళ్ళు మసకబారి లెక్క తప్పింది. మడిగెలు కిరాయికి ఇవ్వకముందే కప్పు, బాత్రూం పూర్తి కావాలన్న షరతు మీద ఆమోదించారు.

హల్లెలూయ అని నేను వరండాలోనే అరిచాను. అటెండరు వచ్చి, "తాతా, ఇది ఆఫీసు," అన్నాడు. వాణ్ణి కూడా కౌగిలించుకున్నాను.

భాస్కర్ బయటికి వచ్చాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. గౌరీబాయి వెళ్ళి ఎదురుగా నిలబడింది. చేతిలో సద్దిగిన్నె.

"మీ నాయిన పట్టింది నీ లెక్కల రాదంటివట. నువ్వు పట్టు."

వాడు నా వైపు చూశాడు. నా చేతులు ముందుకు రాబోయాయి, నలభై ఏళ్ళ అలవాటు. గట్టిగా వెనక్కి కట్టుకున్నాను. ఇది నేను పట్టేది కాదు.

భాస్కర్ రెండు చేతులతో అందుకున్నాడు. "బరువున్నదేంది?" అన్నాడు.

"జొన్నరొట్టెలు. నువ్వు గూడ తింటవని ఎక్కువ తెచ్చిన. నీ మొహం సూస్తె తిననట్టే ఉన్నవు."

వాడు నవ్వాడు. ఎన్ని రోజులయిందో వాడి నవ్వు చూసి! ఆ తర్వాత ఫూల్‌సింగ్ గిన్నె. ఆ తర్వాత ఇంకొకటి. చేతులు నిండిపోతే మున్సిపాలిటీ మెట్ల మీద పేర్చాడు. పేర్చి, వాటి పక్కనే కూర్చున్నాడు. ఎవరూ లేపలేదు.

ఆగస్టు 19

రేపు కాంటా జాగాలో పునాదికి ముగ్గు పోస్తారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, గౌరీబాయి కొబ్బరికాయ కొడుతుందట. రెండూ ఉండాలన్నాను. నా పాత సద్దిగిన్నెలో సువార్తమ్మ ధనియాలు పోసి ఉంచింది. గిన్నె కావాలంటే, ఎందుకని అడగకుండా ధనియాలు వేరే డబ్బాలో పోసి, గిన్నెను చింతపండుతో తోమి ఇచ్చింది.

ఆగస్టు 20, గురువారం

పొద్దున అడ్డాలో అందరి వెనక నేను వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. గిన్నె చాపాను.

"నాయినా! నీకు డెబ్బై దాటినయి. ఏం పని చేస్తవ్?"

"ముగ్గు సక్కగ పోసిండ్రా లేదా సూస్త. పడతవా, పట్టవా?"

సైదులు హోటల్లో నుంచి, "పట్టు సారూ, లేకుంటె సాయంత్రం దాక పాట పెడతడు!" అని అరిచాడు.

నా కొడుకు నా గిన్నె పట్టాడు. పిడి మీద, సరిగ్గా సోమన్న మేస్త్రి పట్టిన చోటే.

ముగ్గు సగం పోయగానే వాన దంచింది. పని ఆగిపోయింది. నేను, గౌరీబాయి, ఫూల్‌సింగ్ పరదా కింద కూర్చుని టీ తాగుతూ భాస్కర్ వైపు చూశాం. వాన పడ్డా ఈ పొద్దు మా భారం వాడిదే.

ఇంత సంతోషమైన వాన నేను చూడలేదు.